ప్రైవసీ బ్రౌజర్: ఏది పెట్టుకోవాలి, ఏ సెట్టింగులు మార్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రౌజర్ మార్చినంత మాత్రాన ఏం ఒరుగుతుంది?

ఒక తెలుగు వార్తా సైటు తెరిచారనుకోండి. మీకు కనబడేది ఒక వార్త, రెండు ఫోటోలు. వెనకాల ఆ పేజీ, వార్త రాసినవాళ్లతో ఏ సంబంధమూ లేని ఎన్నో కంపెనీల సర్వర్లను పలకరిస్తుంది. ప్రకటనల చోటును వేలం వేసేవాళ్లు, ఎంతమంది చూశారో లెక్కపెట్టేవాళ్లు, షేర్ బటన్ల వాళ్లు అందరూ అక్కడే ఉంటారు. వీళ్లలో ఎవరైనా మీ బ్రౌజర్‌లో ఒక కుకీ, అంటే మిమ్మల్ని గుర్తుపట్టే చిన్న ఫైలు, పెట్టవచ్చు. అదే కంపెనీ కోడ్ రేపు మీరు చూసే చీరల సైటులోనూ, ఎల్లుండి చదివే షుగర్ మందుల పేజీలోనూ ఉంటే, మూడూ చూసింది ఒక్కరేనని దానికి తెలిసిపోతుంది. మీ పేరు తెలియకపోవచ్చు. ప్రకటన చూపించడానికి పేరుతో పనిలేదు.

మంచి ప్రైవసీ బ్రౌజర్ ఈ లంకెను తెంపుతుంది. ట్రాకర్ల కోడ్‌ను రానివ్వదు, వచ్చినా ఒక సైటులో పెట్టిన కుకీని ఇంకో సైటులో చదవనివ్వదు. అంతవరకే. మీ జీమెయిల్‌తో లాగిన్ అయి యూట్యూబ్‌లో ఏం చూశారో గూగుల్‌కు తెలియకుండా ఏ బ్రౌజరూ ఆపలేదు. ఫేస్‌బుక్‌లో మీరే పెట్టిన పెళ్లి ఫోటోల సంగతీ అంతే.

ఇన్‌కాగ్నిటో వాడుతున్నాను కదా, అది చాలదా?

ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఉండటానికి చాలు. కిటికీ మూయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. కానీ మీ ఇంటర్నెట్ కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి, మీరు వెళ్లిన సైటుకి మీరు కనబడుతూనే ఉంటారు. ఈ సంగతి సరిగా చెప్పలేదనే 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీ కుదిరింది. ఇన్‌కాగ్నిటోలో పోగుపడిన వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి, ఆ కిటికీ తెరవగానే కనబడే మాటలు మార్చడానికి గూగుల్ ఒప్పుకుంది.

నెట్ సెంటర్లో పని చేయించుకునేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఇన్‌కాగ్నిటో కిటికీ మూసినా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఊళ్లో ఏ నెట్ సెంటర్ కంప్యూటర్లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఎవరెవరివో ఆధార్ పీడీఎఫ్‌లు, మార్కుల మెమోలు, ఆదాయ ధ్రువపత్రాలు వరసగా కనబడతాయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది నిజమే, కానీ అది పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మిమ్మల్ని కాస్త ఎరిగినవాళ్లకు అదేం పెద్ద తాళం కాదు. పని అయ్యాక ఫైలు తీసేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. అడిగితే నెట్ సెంటర్ ఆయన ఏమీ అనుకోడు.

క్రోమ్‌లో తప్పేముంది? అందరూ వాడేది అదే కదా?

భద్రత మాట అయితే క్రోమ్‌కు వంక పెట్టలేం. లోపం బయటపడితే త్వరగా సరిచేస్తారు. చిక్కంతా దాన్ని తయారుచేసే కంపెనీకి ప్రధాన ఆదాయం ప్రకటనల నుంచి రావడంలో ఉంది. థర్డ్ పార్టీ కుకీల (మీరు తెరిచిన సైటు కాక వేరే కంపెనీలు పెట్టేవి) కథ చూడండి. వాటిని రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. తర్వాత గడువు పెంచుతూ పోయింది. 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. ఆపిల్ సఫారీ అదే కుకీలను 2020 మార్చిలోనే పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ ప్రతి సైటు కుకీలనూ విడివిడిగా ఉంచే పద్ధతిని 2022 జూన్‌ నుంచి అందరికీ ఇచ్చింది. సాంకేతికంగా కుదరని పని కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

రెండోది ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు. మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమాలతో ప్రకటనలను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ లాంటి బలమైన బ్లాకర్లు క్రోమ్‌లో పనిచేయకుండా పోయాయి. ఇప్పుడు అక్కడ దొరికేది దాని లైట్ రూపం. ఏమీ లేనిదానికంటే నయం, అసలుదానితో సాటి రాదు.

ఆఫీసు నిబంధన వల్లనో అలవాటు వల్లనో క్రోమ్‌లోనే ఉండాల్సి వస్తే సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేయండి, ప్రకటనల ప్రైవసీ కింద ఏవైనా ఆన్‌లో ఉంటే ఆపండి, యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి.

సరే, అయితే ఏది పెట్టుకోమంటారు?

కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్. సెట్టింగుల జోలికి పోయే ఓపిక బొత్తిగా లేనివాళ్లకు బ్రేవ్. నా సలహా ఇదే. రెండింటికీ మచ్చలున్నాయి, తెలిసే ఎంచుకోండి.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లాకు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం గూగుల్ నుంచే వస్తుంది, గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు. 2025 ఫిబ్రవరిలో వాడకం నిబంధనల్లో రాసిన ఒక వాక్యం చూసి, మన సమాచారం మీద హక్కులు తీసుకుంటున్నారా అని జనం గోల చేస్తే మొజిల్లా ఆ వాక్యం మార్చుకుంది. అయినా క్రోమియం (క్రోమ్‌కు పునాది అయిన కోడ్) మీద ఆధారపడని పెద్ద బ్రౌజర్లలో సఫారీ తర్వాత మిగిలింది ఇదొక్కటే. ఆండ్రాయిడ్‌లో కూడా ఇందులో పూర్తిస్థాయి యూబ్లాక్ ఆరిజిన్ నడుస్తుంది. నా మొగ్గు ఇటు ఉండటానికి సగం కారణం అది.

బ్రేవ్‌ను మొదలుపెట్టినవాళ్లలో ఒకరు జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్. ఇది క్రోమియం మీద నడుస్తుంది కాబట్టి క్రోమ్‌లో తెరుచుకునే సైట్లన్నీ ఇందులో తెరుచుకుంటాయి, ట్రాకర్లను పెట్టిన రోజు నుంచే ఆపుతుంది. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రసు టైప్ చేస్తే తమకు కమిషన్ వచ్చే కోడ్ దానంతట అదే చేరేలా పెట్టి దొరికిపోయారు. ఐక్ తప్పు ఒప్పుకుని తీసేశారు. ఆ క్రిప్టో వాసన ఇప్పటికీ కొంత ఉంది.

లిబర్‌వోల్ఫ్, మల్వాడ్ బ్రౌజర్ రెండూ ఫైర్‌ఫాక్స్ నుంచి పుట్టినవే. రెండోదాన్ని 2023లో, ఆచూకీ దాచే టార్ బ్రౌజర్‌ను తయారుచేసే టార్ ప్రాజెక్టుతో కలిసి తెచ్చారు. సరదా ఉన్నవాళ్లు కంప్యూటర్లో వాడి చూడవచ్చు. ఇంట్లో అందరికీ పెట్టి, వాళ్ల ఫిర్యాదులు వింటూ కూర్చునే ఓపిక ఉంటేనే ఆ పని చేయండి.

ఒక బ్రౌజర్‌తోనే అన్నీ కానివ్వకూడదా?

కానివ్వవచ్చు, కానీ రెండు పెట్టుకుంటే చాలా తలనొప్పులు పోతాయి. ఈ పేజీలో ఒక్కటే ఆచరిస్తానంటే ఇదే చేయండి.

మన ఆన్‌లైన్ పనులు రెండు రకాలు. ఒకటి, మన పేరు చెప్పక తప్పనివి: బ్యాంకు, ఆదాయపు పన్ను, పీఎఫ్, రైలు టికెట్, ఆఫీసు మెయిల్, మీసేవ, తెలంగాణలో భూభారతి, ఆంధ్రాలో మీభూమి. ఇక్కడ ఆధార్ నంబరో పాన్ నంబరో కొట్టి లాగిన్ అవుతాం. మనమెవరో దాచేదేమీ లేదు, పేజీ సరిగా పనిచేస్తే చాలు. రెండోవి, పేరు చెప్పనక్కర్లేనివి: వార్తలు, వంటలు, రోగ లక్షణాల వెతుకులాట, ఉద్యోగం మారాలా వద్దా అన్న ఆలోచన, అర్ధరాత్రి వచ్చే పిచ్చి సందేహాలు. మన మనసు బయటపడేది ఈ రెండో రకంలోనే.

మొదటి రకానికి ఒక బ్రౌజర్‌ను సెట్టింగులు పెద్దగా ముట్టుకోకుండా ఉంచండి. అది క్రోమ్ అయినా ఎడ్జ్ అయినా పర్వాలేదు. అందులో వేరే ఏమీ చూడకండి. రెండో రకానికి గట్టి సెట్టింగులతో ఫైర్‌ఫాక్సో బ్రేవో పెట్టి, డిఫాల్ట్‌గా దాన్నే ఎంచుకోండి. అందులో గూగుల్‌లోకి గానీ ఫేస్‌బుక్‌లోకి గానీ లాగిన్ అవ్వకండి. అలా అయితే ఓటీపీ పేజీ దగ్గర డబ్బులు కట్టై టికెట్ రాని టెన్షన్ ఉండదు, బ్యాంకు కోసం రక్షణ తగ్గించాల్సిన పనీ ఉండదు.

కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ ఒక్కటే వాడతానంటే మొజిల్లావాళ్లదే మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. బ్యాంకు ట్యాబులు ఒక అరలో, షాపింగ్ ఇంకో అరలో ఉంటాయి. బాగానే పనిచేస్తుంది. ఫోన్‌లో లేదు.

ఫైర్‌ఫాక్స్‌లో ఏమేం మార్చాలి?

ప్రైవసీ, సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లండి. ట్రాకింగ్ రక్షణను స్టాండర్డ్ నుంచి స్ట్రిక్ట్‌కు మార్చండి. ఏదైనా సైటు మొరాయిస్తే అడ్రసు పక్కనున్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు ఆపవచ్చు. సురక్షిత కనెక్షన్‌తోనే సైట్లు తెరిచే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్‌ను అన్ని కిటికీలకూ ఆన్ చేయండి. మొజిల్లాకు సాంకేతిక సమాచారం పంపే పెట్టెల్లో టిక్కులు తీసేయండి. కొత్త ట్యాబ్ పేజీలో స్పాన్సర్డ్ అని ఉన్నవన్నీ ఆపేయండి.

బ్రౌజర్ మూసినప్పుడు కుకీలన్నీ చెరిపేసే సెట్టింగు కూడా ఉంది. రెండో రకం పనులకే వాడే బ్రౌజర్ అయితే తప్పకుండా ఆన్ చేయండి. లాగిన్ నిలిచి ఉండాల్సిన ఒకటి రెండు సైట్లుంటే మినహాయింపుల జాబితాలో చేర్చుకోవచ్చు.

తర్వాత యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోండి. రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ తయారుచేసిన ఉచిత బ్లాకర్ ఇది, విరాళాలు కూడా తీసుకోడు. ఇలాంటి పేర్లతోనే వేరేవి ఉంటాయి, పేరులో ఆరిజిన్ ఉందో లేదో చూసి పెట్టుకోండి. పెట్టాక ఏమీ మార్చనక్కర్లేదు. ఇంకో రెండు బ్లాకర్లు కూడా చేర్చితే ఇంకా బలం అనుకుంటారు కొందరు. అవి ఒకదానికొకటి అడ్డుపడటం తప్ప లాభం ఉండదు. పైగా మీరు చూసే ప్రతి పేజీనీ చదివే అనుమతి ఇంకో ఇద్దరికి ఇచ్చినట్టే.

బ్రేవ్‌లో?

తీసేయాల్సినవే ఎక్కువ. రివార్డ్స్, వాలెట్, న్యూస్, లియో అనే ఏఐ బటన్, వీపీఎన్ బటన్, కొత్త ట్యాబ్‌లో వచ్చే స్పాన్సర్డ్ బొమ్మలు అక్కర్లేకపోతే దాచేయండి. ప్రైవసీ విభాగంలో బ్రేవ్‌కు వాడకం వివరాలు పంపే రెండు మూడు స్విచ్‌లు ఉంటాయి, ఆపండి. ట్రాకర్లను, ప్రకటనలను ఆపే షీల్డ్స్‌ను అగ్రెసివ్ చేస్తే ప్రకటనలు ఇంకా తగ్గుతాయి. అంతే, ఇక వదిలేయవచ్చు.

కుకీలు ఆపినా గుర్తుపడతారట, ఫింగర్‌ప్రింటింగ్ అంటే అదేనా?

అదే. మీ తెర సైజు, సమయ మండలం, గ్రాఫిక్స్ కార్డు, ఫాంట్లు, భాష ఎంపికలు, ఇలాంటివన్నీ బ్రౌజర్‌ను సైటు అడిగి తెలుసుకోగలదు. ఒక్కొక్కటీ మామూలుదే, అన్నీ కలిస్తే మీ ఒక్కరి కంప్యూటర్‌కే సరిపోయే ముద్ర తయారవుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లను పరిశీలిస్తే 83.6 శాతం ఏ ఇంకోదానితోనూ కలవకుండా విడిగా తేలాయి. ఆ సంస్థ నడిపే కవర్ యువర్ ట్రాక్స్ అనే పేజీలో మీ బ్రౌజర్‌ను మీరే పరీక్షించుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. డీటీపీ పని చేసేవాళ్లు, పద్యాలు పోస్టర్లుగా చేసి పంచుకునేవాళ్లు పోతన, మండలి, రామభద్ర అంటూ డజన్ల కొద్దీ ఫాంట్లు వేసుకుంటారు. ఆ కూర్పు ఇంకొకరి దగ్గర ఉండే అవకాశం తక్కువ. అలాగే బ్రౌజర్ ప్రతి సైటుకూ మీకిష్టమైన భాషల వరస పంపుతుంది. హైదరాబాద్‌లో ఉండి తెలుగును మొదట పెట్టుకుంటే పెద్ద తేడా ఉండకపోవచ్చు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి అలా పెట్టుకుంటే ఆ చుట్టుపక్కల మీలాంటివాళ్లు కొద్దిమందే.

అలాగని తెలుగు వదులుకోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులో ఉంచుకుని, వెబ్‌పేజీల భాషల జాబితాలో మాత్రం ఇంగ్లీషును ముందు పెట్టవచ్చు. ఆ రెండూ వేర్వేరు సెట్టింగులు. మీరు విడిగా వేసుకున్న ఫాంట్లు సైట్లకు కనబడకుండా ఫైర్‌ఫాక్స్ స్ట్రిక్ట్ రక్షణ చూసుకుంటుంది. బ్రేవ్ ఇంకో దారి పట్టింది: సైటు అడిగిన కొన్ని వివరాలకు సైటు సైటుకూ, బ్రౌజర్ మళ్లీ తెరిచిన ప్రతిసారీ కొద్దిగా తేడాతో జవాబిస్తుంది, దాంతో ముద్ర నిలకడగా ఉండదు.

ఎక్కడో చదివి ఫైర్‌ఫాక్స్ లోపలి పేజీలో రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ అనే మీట ఆన్ చేస్తుంటారు కొందరు. టార్ కోసం పుట్టిన మీట అది. ఆన్ చేస్తే మీ సమయం గ్రీనిచ్ సమయంగా మారి, సైట్లలో టైములన్నీ ఐదున్నర గంటలు వెనక్కి పోతాయి. ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసే ఉద్యోగ దరఖాస్తుల్లో బొమ్మ రంగుల గీతలుగా మారిపోవచ్చు, ఎందుకంటే బొమ్మను చిన్నది చేయడానికి ఆ సైట్లు వాడే క్యాన్వాస్ పద్ధతినే ఈ మీట అడ్డుకుంటుంది. చివరి తేదీ రాత్రి ఇలా జరిగితే ఎవరికైనా ఏడుపొస్తుంది. స్ట్రిక్ట్ చాలు. అరుదైన సెట్టింగులు ఎంత ఎక్కువ మారిస్తే గుంపులో అంత విడిగా కనబడతారు.

ఫోన్‌లో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

ముందు డిఫాల్ట్ బ్రౌజర్ మార్చండి, లేకపోతే వాట్సాప్‌లో వచ్చిన లింకులన్నీ పాత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్ కింద ఉంటుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే అది యాప్ లోపలే తెరుచుకుంటుంది, మీరు కష్టపడి సెట్ చేసుకున్న బ్రౌజర్‌తో దానికి సంబంధం లేదు. ఇలా యాప్ లోపల తెరిచే పేజీల్లోకి ఈ యాప్‌లు సొంత కోడ్ చొప్పిస్తున్నాయని 2022లో ఫెలిక్స్ క్రౌజ్ అనే పరిశోధకుడు చూపించాడు. మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవండి. కార్డు నంబరు కొట్టే పని అయితే ఇది మరీ ముఖ్యం.

ఐఫోన్‌లో కథ వేరు. మన దేశంలో ఐఫోన్‌కు వచ్చే ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, క్రోమ్ అన్నీ లోపల సఫారీ ఇంజినే వాడతాయి. అందుకే అక్కడ బ్రౌజర్ మార్చడం వల్ల వచ్చే తేడా తక్కువ. సఫారీ వాడుతూ మంచి కంటెంట్ బ్లాకర్ ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది.

అమ్మానాన్నల ఫోన్ నిండా నోటిఫికేషన్లే. ఇదీ బ్రౌజర్ గొడవేనా?

చాలాసార్లు అవును. ఏదో సైటు "అనుమతించు" అని అడిగితే అడ్డు తొలగిపోతుందని నొక్కేస్తారు. ఇక అప్పటి నుంచి మీ ఫోన్‌లో వైరస్ ఉంది, మీకు లాటరీ తగిలింది అంటూ మొదలు. బ్రౌజర్ సైట్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లు తెరిచి, అనుమతి ఉన్న సైట్లన్నీ తీసేసి, ఇకమీదట ఏ సైటూ అడగకుండా ఆపేయండి. లొకేషన్, కెమెరా, మైక్ కూడా అక్కడే ఉంటాయి, ఒకసారి చూడండి. పెద్దవాళ్ల ఫోన్‌లో బ్రేవ్ పెట్టి, పాత బ్రౌజర్ ఐకాన్ ఉన్నచోటే దాన్ని ఉంచితే మార్పు వాళ్లకు పెద్దగా తెలియదు.

యూసీ బ్రౌజర్, ఒపెరా మినీ లాంటివి?

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు యూసీ బ్రౌజర్ కూడా ఉంది. అంతకు ఐదేళ్ల ముందే అది వాడుకరుల వివరాలు సరైన రక్షణ లేకుండా పంపుతోందని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ బయటపెట్టింది. ఎవరో పంపిన ఏపీకే ఫైలుతో మళ్లీ పెట్టుకోకండి. ఒపెరా మినీ డేటా పొదుపు కోసం పేజీలను తన సర్వర్ల మీదుగా తెస్తుంది. ప్రైవసీ కావాలనుకునేవాళ్లకు అది పనికిరాదు.

స్వదేశీ బ్రౌజర్ ఏదైనా ఉందా?

చెన్నైకి చెందిన జోహో 2023లో ఉలా తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం పెట్టిన బ్రౌజర్ పోటీలో 2025లో దానికే మొదటి బహుమతి, కోటి రూపాయలు. ఆఫీసు, సొంత పనులు, పిల్లలు అంటూ వేర్వేరు మోడ్‌లు ఉండటం బాగుంది, రెండు బ్రౌజర్ల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఇంజిన్ మాత్రం క్రోమియమే. దేశీయత, ప్రైవసీ వేర్వేరు లెక్కలు. ట్రాకర్లను ఎంత ఆపుతోందో చూసి నిర్ణయించుకోండి.

వీపీఎన్ కూడా కావాలా?

చాలామందికి అక్కర్లేదు. మీ ఇంటర్నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ సర్వర్ల మీదుగా పంపేదే వీపీఎన్; అది పెడితే మీ ఇంటర్నెట్ కంపెనీ చూసేది ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది. ఉచితంగా ఇస్తున్నవాళ్లకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో ముందు కనుక్కోండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు చందాదారుల పేరు, చిరునామా లాంటి వివరాలు ఐదేళ్లు ఉంచాలి. అది ఒప్పుకోలేక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ మన దేశంలోని సర్వర్లు తీసేశాయి.

మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో ఇంటర్నెట్ కంపెనీకి అంత తేలిగ్గా దొరకకూడదంటే బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్ఎస్ (సైటు పేరు అడిగి దాని చిరునామా కనుక్కునే పనిని గోప్యంగా చేసేది) ఆన్ చేయండి. క్వాడ్9, క్లౌడ్‌ఫ్లేర్ లాంటివి ఉచితం. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని మొత్తం ఫోన్‌కే పెట్టుకునే వీలుంది. ఇది పూర్తి ముసుగేమీ కాదు, సైటు పేరు వేరే దారుల్లో కనబడవచ్చు. అయినా ఖర్చు లేని పని.

టార్ సంగతి?

మీ ఆచూకీ తెలిస్తే ప్రమాదం ఉన్నవాళ్లకు: అవినీతి బయటపెట్టే ఉద్యోగి, విలేఖరి, ఇంట్లో హింస నుంచి బయటపడాలనుకునే మనిషి. మీ కనెక్షన్ మూడు సర్వర్ల మజిలీల మీదుగా పోతుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది. అందులో సెట్టింగులు మార్చకండి, ఎక్స్‌టెన్షన్లు చేర్చకండి, కిటికీ పెద్దది చేయకండి. అందరూ ఒకేలా కనబడటమే దాని బలం. బ్యాంకు పనికి టార్ వాడితే ఖాతా తాత్కాలికంగా ఆగిపోయే అవకాశం ఉంది.

సెర్చ్ కూడా మార్చాలా?

రెండో రకం బ్రౌజర్‌లో మార్చండి. డక్‌డక్‌గో, బ్రేవ్ సెర్చ్, స్టార్ట్‌పేజ్ ఏదైనా సరే. ఇంగ్లీషు వెతుకులాటకు మూడూ బాగుంటాయి. తెలుగు లిపిలో వెతికితే, అందులోనూ ఊళ్ల పేర్లు, పాత వ్యాసాలు అయితే, గూగుల్ అంత బాగా ఇవ్వవు. స్టార్ట్‌పేజ్ గూగుల్ ఫలితాలను మీ వివరాలు చెప్పకుండా తెచ్చిపెడుతుంది కాబట్టి తెలుగులో ఎక్కువ వెతికేవాళ్లకు అదే మేలు.

చట్టం వచ్చింది కదా, ఇంక ఈ తిప్పలెందుకు?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం అమలయ్యాక కూడా మీరు "అంగీకరిస్తున్నాను" అని నొక్కితే అది అంగీకారమే. ఆ పెట్టెలు వచ్చినప్పుడు "అన్నీ తిరస్కరించు" బటన్ కోసం ఒక్క క్షణం వెతకండి, మామూలుగా కాస్త వెలిసిన రంగులో పక్కనే ఉంటుంది. యూబ్లాక్ ఆరిజిన్ ఫిల్టర్ల జాబితాలో కుకీ నోటీసుల టిక్కు పెడితే చాలా సైట్లలో ఆ పెట్టె అసలు రానే రాదు.